కౌంటర్‌కు ఇవతలి వైపు

మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"నా వయసు 56. బ్యాంకులో 29 ఏళ్ళు పనిచేసి మూడేళ్ళ క్రితం వీఆర్ఎస్ తీసుకున్నాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బదిలీ మీద హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. సొంత ఫ్లాట్ ఉంది. ఇద్దరికీ పెన్షన్ వస్తుంది. బాబు టెక్సాస్‌లో ఉన్నాడు. ఎవరికీ బాకీ లేం. పొద్దున వాకింగ్, ఆ తర్వాత వంట, మధ్యాహ్నం ఫోను, సాయంత్రం టీవీ. ఏ లోటూ లేదు.

పోయిన ఏడాది మావారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. ఆ రాత్రి పదకొండింటికి ఆసుపత్రి మందుల షాపు దగ్గర క్యూలో నిలబడ్డాను. నా వెనక ఒకావిడ, ఇంచుమించు నా వయసే, చేతిలో నాలుగైదు కాగితాలు పట్టుకుని ఉంది. 'అమ్మా, గిదేం రాసిన్రో జర సూడుండ్రి' అని నా ముందుకు చాపింది. నేను 'నాకు తెలియదమ్మా' అని తల తిప్పుకున్నాను. అదొక ఇన్సూరెన్స్ ఫారం. ఒక్క చూపులోనే అర్థమైంది. అలాంటివి నా సర్వీసులో కొన్ని వేలు చూసి ఉంటాను. మరి తెలియదని ఎందుకన్నాను? ఆవిడ ఇంకెవరినో అడగడానికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. మిగతా జీవితం ఇలాగే గడిచిపోకూడదనిపిస్తోంది. షాద్‌నగర్ వైపు మాకో 300 గజాల ప్లాటు ఉంది. అది అమ్మి చిన్న వృద్ధాశ్రమం పెడదామంటే మావారు 'తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం' అంటున్నారు. పుట్టినరోజులకు అనాథాశ్రమాలకు డబ్బు పంపుతూనే ఉన్నాను. అది చాలడం లేదు. పోనీ నేనే ఎక్కడికైనా వెళ్దామంటే భయం. జనం, జబ్బులు, నా యాస విని ఎవరైనా ఏమనుకుంటారో అన్న టెన్షన్. నాది స్వార్థమేనా? ఈ వయసులో ఎక్కడ మొదలుపెట్టాలి?"

నమస్తే అండీ.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ప్లాటు గురించీ కాదు, ఆశ్రమం గురించీ కాదు. "ఒక్క చూపులోనే అర్థమైంది" అన్నారే, ఆ మాట. తెలియనివాళ్ళు తెలియదంటే అక్కడితో అయిపోతుంది. తెలిసి తెలియదన్నారు కాబట్టే ఏడాది గడిచినా అది మిమ్మల్ని వదలడం లేదు. ఈ సంగతి మనలో చాలామందిమి ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పుకోం. మీరు రాశారు. అందుకు ముందుగా మీకు నా నమస్కారం.

ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో నాకు తోచింది చెబుతాను. 29 ఏళ్ళపాటు జనం కాగితాలు పట్టుకుని మీ దగ్గరికి వచ్చారు. మీకూ వాళ్ళకూ మధ్య ఒక కౌంటర్ ఉండేది. అద్దం, టోకెన్ నంబరు, లంచ్ టైమని ఒక బోర్డు ఉండేవి. మీరు కూర్చుని ఉండేవారు, వాళ్ళు నిలబడి ఉండేవారు. అటువంటి ఏర్పాటులో సాయం చేయడం మీకు బాగా తెలుసు, వేల మందికి చేశారు కూడా. ఆసుపత్రి క్యూలో ఆ కౌంటర్ లేదు. ఆవిడా మీరూ ఒకే వరసలో, ఒకే రకం భయంతో, లోపల మంచం మీద ఉన్న మనిషి కోసం నిలబడి ఉన్నారు. ఆ కాగితం అందుకుంటే ఆ రాత్రికి ఆవిడ భయం కూడా కొంత మీ మీద పడేది. అప్పటికే మీ చేతులు నిండుగా ఉన్నాయి. దాన్ని నేను స్వార్థమనను. ఆపరేషన్ రోజు రాత్రి ఒక భార్యకు వచ్చిన అలసట అది.

అయితే ఆ ఒక్క రాత్రి సంగతి అది. ఆ తర్వాత గడిచిన ఏడాదికి అలసట సాకు చాలదు. నిద్ర పట్టకపోవడం అందుకే అని మీకూ తెలుసు.

మీరు వదిలి రావలసింది ఆ సోఫాను, టీవీని అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. వాకింగ్ చేసుకోండి, టీవీ చూసుకోండి, బాబుతో ఫోన్లో మాట్లాడుకోండి. వాటిలో తప్పేముంది? మీకు అలవాటైన చోటు కౌంటర్‌కు అవతలి వైపు. మనం కూర్చుని ఉండగా ఎదుటివాళ్ళు నిలబడి అడిగే చోటు. దాన్ని దాటి ఇవతలికి రావాలి. అంతకన్నా దూరం పోనక్కర్లేదు, కానీ ఆ నాలుగు అడుగులూ నిజంగా కష్టం.

అందుకే వృద్ధాశ్రమం వద్దంటున్నాను. మీ మనసు మంచిదే. కానీ ఆశ్రమం పెట్టిన రోజున మీరు మళ్ళీ మేనేజర్ అవుతారు. ఒక గది, ఒక టేబుల్, బయట మీ పేరుతో బోర్డు, రిజిస్ట్రేషన్లు, వంటమనిషి రాని రోజున గొడవలు, రాత్రిపూట ఎవరికో ఆయాసం. పెద్దవాళ్ళను చూసుకోవడంలో ఏ అనుభవమూ లేకుండా 20 మంది ముసలివాళ్ళ ప్రాణాలు మీద వేసుకోవడం సాహసమే గానీ ఉపకారం కాదు. ప్లాటు పోతుంది, ఆరోగ్యం పోతుంది, మధ్యలో మూసేయాల్సి వస్తే ఆ పెద్దవాళ్ళు రెండోసారి వీధిన పడతారు. ఇప్పటికే నడుస్తున్న చోటికి వెళ్ళి, పేరూ కుర్చీ లేకుండా, "నేనేం చేయను?" అని అడగడం దీనికన్నా కష్టం. మీరు చేయవలసింది అదే.

మీవారు చెప్పిన సామెత దగ్గరికి వద్దాం. తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం. ఆ సామెతలో ఏ తప్పూ లేదండీ. అసలు పోగొట్టుకునే వ్యాపారం ఎన్నాళ్ళు నడుస్తుంది? ఆయన అడ్డుపడుతున్నది అసలు పోవడానికి. ప్లాటు అమ్మొద్దన్నారు, అంతే. మంగళవారం పొద్దున మూడు గంటలు బయటికి వెళ్ళొస్తానంటే ఆ సామెత అక్కడ వర్తించదు. ఒకసారి అలా అడిగి చూడండి.

ఇంకో మాట, నా అనుమానమే అనుకోండి. ఆపరేషన్ అయి వచ్చిన మగవాళ్ళు ఇంట్లో ఒంటరిగా ఉండటానికి భయపడతారు. ఆ భయాన్ని భయమని చెప్పరు, డబ్బు లెక్కగా చెబుతారు. "నేను లేనప్పుడు మీకేమైనా అవుతుందని దిగులా?" అని నేరుగా అడగండి. అవునంటే పక్క ఫ్లాటువాళ్ళ నంబరు ఆయన ఫోన్లో పెట్టండి, ఆ పూట టిఫిన్ డబ్బా మూత పెట్టి టేబుల్ మీద ఉంచి వెళ్ళండి. ఆయన్ని మీతో లాక్కుపోవాలని మాత్రం చూడకండి. ఇది మీ నిద్రకు సంబంధించిన సంగతి.

మా అమ్మ గురించి కొంచెం చెప్పాలి. మేం ముషీరాబాద్‌లో ఒక బస్తీ పక్కన ఉండేవాళ్ళం. 1970ల చివర, 80ల మొదట్లో ఆ బస్తీలో చాలా ఇళ్ళ మగవాళ్ళు దుబాయి, మస్కట్ వెళ్ళారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ. ఆ ఆడవాళ్ళకు చదువు రాదు. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. మధ్యాహ్నం అంట్లు తోమేశాక వాకిట్లో చాప వేసుకుని కూర్చునేది. వాళ్ళు నీలం రంగు ఏరోగ్రామ్ తెచ్చుకునేవారు. అమ్మ వాళ్ళతోపాటు అదే చాప మీద కూర్చుని రాసేది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసేది. ఒకావిడ పిల్లాడికి జ్వరమని రాయొద్దంటే రాయలేదు. "చెబితే మంచిది కదా" అని సలహా కూడా ఇవ్వలేదు. చివర్న మొత్తం ఒకసారి చదివి వినిపించి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగి, అప్పుడు అంటించేది. ఆ ఉత్తరాల్లో ఏముందో మాకెప్పుడూ చెప్పలేదు. మేం వాళ్ళ పిల్లలతో ఆడుకునేవాళ్ళం, వాళ్ళ ఇళ్ళలో ఏం జరుగుతోందో అమ్మకు తెలుసని మాకు తెలుసు, అయినా ఒక్క మాట బయటికి రాలేదు. అమ్మ పోయి పదేళ్ళు దాటినా ఆ వీధిలో నన్ను ఇప్పటికీ "చిట్టీలు రాసే అమ్మ బిడ్డ" అంటారు.

అమ్మకు ఉన్నది ఎనిమిదో తరగతి చదువు. మీకున్నది 29 ఏళ్ళ బ్యాంకు సర్వీసు.

దాని విలువ మీకు తెలియడం లేదేమోనని అనుమానంగా ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను. మీ అపార్ట్‌మెంట్‌లో ఇళ్ళలో పనిచేసే అమ్మాయిలు, సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబం, ఇస్త్రీ బండి అతను, వీళ్ళందరికీ బ్యాంకు పాస్‌బుక్కులు ఉంటాయి. ఆ పాస్‌బుక్కులో 436 రూపాయలు కట్ అయినట్టు ఒక వరస, 20 రూపాయలు కట్ అయినట్టు ఒక వరస ఉంటే ఏమిటో మీకు చెప్పాలా? 2015లో మొదలైన జీవన్ జ్యోతి, సురక్షా బీమా పథకాలవి. మొదట్లో 330, 12 ఉండేవి, 2022 జూన్ నుంచి 436, 20 అయ్యాయి. జూన్ నుంచి మే దాకా ఏడాది లెక్క. ఆ ఏడాది ప్రీమియం కట్ అయి ఉండగా మనిషి పోతే జీవన్ జ్యోతి కింద నామినీకి 2 లక్షలు రావాలి. ప్రమాదంలో పోతే సురక్షా కింద 2 లక్షలు. మీకిది అఆలు. కానీ ఖాతా తెరిచిన రోజున ఎక్కడో సంతకమో వేలిముద్రో వేసిన మేస్త్రి పోతే, అతని భార్యకు ఆ 436 అంకె కనిపించినా ఏదో బ్యాంకు ఛార్జీ అనుకుంటుంది. అడగదు. అడగాలని తెలియదు. పాస్‌బుక్కులో ఆ అంకెల కోసం వేలుపెట్టి వెతకగల మనిషి ఆమె పక్కన ఒక్కరు ఉంటే చాలు.

నామినీ పేరు లేని ఖాతాలు ఉంటాయి. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్కులో ఒక పేరు ఉంటుంది. ఊళ్ళో మామగారి పేరున ఎప్పుడో వేసిన డిపాజిట్ ఉంటుంది. పదేళ్ళు కదలని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోయినా వారసులు అడిగితే తిరిగి వస్తుందని, వెతకడానికి 2023లో ఉద్గమ్ అని ఒక పోర్టల్ పెట్టారని మీకు తెలుసు. వాళ్ళకు ఎవరు చెబుతారు?

కాబట్టి మొదటి నెల మీ సెల్లార్‌లో మొదలుపెట్టండి. నవ్వొద్దు. మీరు అయిదో అంతస్తులో ఉన్నా పదో అంతస్తులో ఉన్నా, రోజూ లిఫ్ట్ దిగి ఆ సెల్లార్ మీదుగా వాకింగ్‌కి వెళ్తారు. ఆ వాచ్‌మన్ భార్యది ఏ ఊరో మీకు తెలుసా? తెలిస్తే మంచిదే. తెలియకపోతే మీకు అన్నిటికన్నా దూరపు ఊరు అదే. ఆదివారం సాయంత్రం ఒక గంట అక్కడ కూర్చుంటానని చెప్పండి, పాస్‌బుక్కులు తెచ్చుకోమనండి. పైన మీ ఫ్లాటుకు మాత్రం పిలవకండి. పిలిస్తే వాళ్ళు చెప్పులు బయట విప్పి గోడ పక్కన నిలబడతారు, మీరు సోఫాలో కూర్చుంటారు, మళ్ళీ కౌంటర్ తయారవుతుంది. మీరే కిందికి దిగాలి. ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే అందరికీ వేయండి. లేకపోతే అందరూ మెట్ల మీదే కూర్చోండి.

అక్కడ చేయి కుదిరాక, మీరు తల తిప్పుకున్న చోటికి వెళ్ళండి.

అదే ఆసుపత్రి కానక్కర్లేదు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. పిల్లల ఆసుపత్రి నీలోఫర్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, రెండూ అక్కడికి దగ్గరే. పాలమూరు నుంచి, నల్గొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరుగుతూ ఉంటారు. ఏ కౌంటర్‌లో స్టాంపు వేయించాలి, ఆరోగ్యశ్రీ డెస్క్ ఎక్కడ, ఏ జిరాక్స్ ఎన్ని కాపీలు కావాలి, రక్తపరీక్ష ఏ గదిలో. ఇవన్నీ గోడల మీద రాసే ఉంటాయి. చదవగలిగినవాళ్ళకు.

నేరుగా వెళ్ళి నిలబడకండి. ముందు ఆసుపత్రి పాలన చూసే డాక్టరు, ఆర్ఎంఓ గారిని కలిసి, మీరెవరో చెప్పి అనుమతి అడగండి. ఆసుపత్రుల్లో డబ్బు గుంజే దళారులు తిరుగుతుంటారు కాబట్టి, కొత్తవాళ్ళను అనుమానంగా చూడటం వాళ్ళ ధర్మం. కాదంటే కోపం తెచ్చుకోకుండా, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు ఏవో అడిగి వాళ్ళతో కలవండి. మళ్ళీ కాదంటే ఇంకో ఆసుపత్రి. బ్యాంకులో మీరు కూడా ఒక్క కాగితం తక్కువైందని ఎంతమందిని రేపు రమ్మన్నారో గుర్తు చేసుకోండి. ఇవతలి వైపు అంటే ఇదే.

వారం మాత్రం మార్చకండి. మంగళవారమంటే మంగళవారమే, పది నుంచి ఒంటిగంట. అదే స్తంభం, అదే బెంచీ. మీకు తీరికైనప్పుడు వెళ్దామనుకుంటే ఆ తీరిక మూడో వారానికి రాదు. పైగా అక్కడి వార్డు బాయ్‌లకు, సెక్యూరిటీ వాళ్ళకు మీ ముఖం గుర్తుండాలి. "ఆ బెంచీ దగ్గర కళ్ళజోడమ్మ ఉంటది, పోయి చూపించు" అని వాళ్ళు పంపిన రోజున మీ పని మొదలైనట్టు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది, మీరు చూసే ఉంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఎవరినీ వెతుక్కుంటూ పోలేదు. ఉండవలసిన చోట ఉంది, ఆ రోజు వాళ్ళకు అందింది. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఒక నిమిషం దాని కింద నిలబడతాను.

ఇప్పుడు కష్టమైన సంగతి. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, నాకూ చెప్పలేదు.

నేను ఇలా వెళ్ళడం మొదలుపెట్టిన మూడో నెల. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒకాయన, 50 ఏళ్ళుంటాయి, భార్య రిపోర్టు నా చేతిలో పెట్టి "ఏమొచ్చిందో చెప్పమ్మా" అన్నాడు. బయాప్సీ రిపోర్టు. రెండో పేజీ చివర కార్సినోమా, అంటే క్యాన్సర్, అనే మాట ఉంది. భార్య పది అడుగుల దూరంలో గోడకు ఆనుకుని కూర్చుని మా వైపే చూస్తోంది. నా నోరు ఎండిపోయింది. మీరు ఆ రాత్రి అన్న మాటే నా నాలుక చివరిదాకా వచ్చింది, నాకు తెలియదని. నిజం చెప్పడానికి నేను డాక్టర్ని కాను. ఏ దశో, వైద్యం ఉందో లేదో నాకేం తెలుసు? అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చివరికి, "ఇది డాక్టరు గారే చెప్పాలన్నా. నేను చదివితే తప్పు చదువుతాను. పద, ఇద్దరం కలిసి వెళ్దాం" అన్నాను.

క్యూలో రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆయన వేరుశనగ పంట గురించి చెప్పాడు. విత్తనం ఎంతకు కొన్నాడో, బోరు ఎన్ని గంటలు పోస్తుందో, అడవిపందులు ఎట్లా తవ్విపోతాయో. నేను విన్నాను. ఆయనకు సగం అర్థమైపోయిందని నాకు అర్థమైంది. డాక్టరు గది బయట ఆగిపోయి, "నువ్వు కూడా రా అమ్మా" అన్నాడు. వెళ్ళాను. లోపల నేను ఒక్క మాటా మాట్లాడలేదు. బయటికొచ్చాక మూడో నంబరు కౌంటర్ ఎక్కడో చూపించాను. ఆ రోజు నేను చేసింది అంతే. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను, తర్వాతి వారం వెళ్ళకూడదని కూడా అనుకున్నాను. వెళ్ళాను.

మీకూ అలాంటి రోజు వస్తుంది. రిపోర్టుల్లోని జబ్బు సంగతి మీరు చదివి చెప్పకండి. ఏ గది, ఏ కౌంటర్, ఏ తేదీ, ఏ సంతకం, అక్కడి వరకే మీ పని. మిగతాదానికి పక్కన నిలబడితే చాలు.

కొన్ని జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను, ఎక్కువ భాగం మీకు తెలిసినవే. ఎవరి ఆధార్, పాస్‌బుక్ మీ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచుకోవద్దు, మీ ఫోన్లో ఫోటో తీయొద్దు. ఓటీపీ, పిన్ వాళ్ళ చేత్తో వాళ్ళే కొట్టాలి. సాక్షి సంతకాలు పెట్టొద్దు. అప్పు ఇవ్వొద్దు. పర్సులో ఆ రోజుకని 500 రూపాయలు విడిగా పెట్టుకోండి, జిరాక్సులకు, చాయికి, ఎవరికైనా బస్సు ఛార్జీకి. అయిపోతే అయిపోయిందని చెప్పండి, అలా చెప్పడానికి సిగ్గుపడకండి. మొదటి ఆరు నెలలు ఫోన్ నంబరు ఇవ్వకండి. రాత్రి రెండింటికి ఫోన్లు వస్తే మీవారు చెప్పిన సామెత నిజమైపోతుంది. ఫోటోలు అసలే వద్దు, ఎవరితోనూ, ఎందుకూ.

మీ యాస గురించి దిగులు పడ్డారు. ఆవిడ మీతో తన మాటలో మాట్లాడింది, మీకు అర్థమైంది కదా? మీరూ మీ మాటలోనే మాట్లాడండి. వాళ్ళ యాసను అనుకరించబోకండి, అది వెక్కిరింపులా వినిపిస్తుంది. "అండీ" అనండి, "అమ్మా" అనండి, "అన్నా" అనండి. గుంటూరు మాటకు ఇక్కడ ఎవరూ ముఖం తిప్పుకోరు. నిదానంగా మాట్లాడితే చాలు. జబ్బుల భయానికి మాస్కు ఉంది, చేతులు కడుక్కోవడం ఉంది. జనమంటే భయమన్నది ఎనిమిది పది వారాల్లో తగ్గుతుంది. నాకు అంతే పట్టింది.

"మిగతా జీవితానికి అర్థం" అని ఉత్తరంలో ఇంకోచోట రాశారు. పైన అచ్చు వేయలేదు గానీ, దానికీ జవాబు చెప్పాలి. అర్థం దొరికాక బయల్దేరదామనుకుంటే ఎవరమూ గడప దాటం. మన ఊళ్ళోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా గారిని చూడండి. ఆవిడ ఉద్యోగంలో ఉంటూనే రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టి కూలీల మధ్య పని మొదలుపెట్టారు. వాళ్ళ సమస్యల్లో తిరుగుతూ ఉండగా బడికి వెళ్ళకుండా పనికి వెళ్తున్న పిల్లలు కళ్ళబడ్డారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరుతో 1981లో పెట్టిన ఎం.వి. ఫౌండేషన్ పనంతా క్రమంగా ఆ పిల్లల వైపు తిరిగింది. 1991 నుంచి క్యాంపులు పెట్టి వాళ్ళను బడికి సిద్ధం చేశారు. 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. నేను అవార్డు కోసం చెప్పడం లేదు. ఆవిడ వెళ్ళింది ఒక పనికి, అక్కడ కనిపించింది ఇంకో పని. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఆ రెండోది కనిపించేది కాదు. మీకు ఆ బెంచీ దగ్గర ఏం కనిపిస్తుందో నాకూ తెలియదు, మీకూ తెలియదు. కొన్నాళ్ళకు, అక్కడ రోగుల వెంట వచ్చినవాళ్ళు రాత్రిళ్ళు పడుకోవడానికి చోటు లేదనిపించి ప్లాటు ఆలోచన మళ్ళీ రావచ్చు. అప్పుడు మీవారితో కూర్చుని మళ్ళీ మాట్లాడండి. అప్పటికి మీ దగ్గర లెక్కలు కూడా ఉంటాయి.

అనాథాశ్రమాలకు పంపే డబ్బు ఆపకండి. అది చాలడం లేదన్నారు, మీకు చాలడం లేదు. అక్కడి పిల్లలకు అది అన్నం.

ఆ రాత్రి క్యూలో అడిగిన ఆవిడ మీకు మళ్ళీ కనిపించకపోవచ్చు. ఆవిడను వెతకొద్దు. ఎదురొచ్చిన ప్రతి ఒక్కరిలో ఆవిడను చూసుకుని క్షమాపణ అడగొద్దు. వాళ్ళు తమ బాధతో వచ్చారు, మీ బాధకు మందు కావడానికి రాలేదు. అలాగని మనసు పూర్తిగా నిర్మలమయ్యాకే వెళ్తానని కూడా ఆగొద్దు. సగం పశ్చాత్తాపంతో, సగం భయంతో వెళ్ళినా ఆ ఫారం సరిగ్గా నిండితే చాలు.

మొదటి మంగళవారం అయ్యాక నాకు రాయండి. ఆ రోజు ఒక్కరు కూడా అడగకపోయినా రాయండి. వెళ్ళేటప్పుడు మంచినీళ్ళ సీసా, దగ్గరి చూపు కళ్ళజోడు ఒకటి అదనంగా, నాలుగు తెల్ల కాగితాలు, అరడజను బాల్‌పెన్నులు పెట్టుకోండి. మీ బ్రాంచి కౌంటర్‌లో పెన్నుకు దారం కట్టి ఉండేది కదా. వీటికి కట్టకండి.